కత్తితోనా, వర్తకంతోనా? ఆఫ్రికాలో ఇస్లాం వ్యాపించిన తీరు

మీరు అడిగినవి మూడు. ఒక గైడులో ఆఫ్రికాలో ఇస్లాం "అరబ్బుల దండయాత్రల వల్ల" వ్యాపించిందని ఉంది, ఇంకో పుస్తకంలో "వర్తకుల ద్వారా శాంతియుతంగా" అని ఉంది, ఏది రాయాలి అన్నది మొదటిది. ఇస్లాం రాకముందు సహారాకు దక్షిణాన చెప్పుకోదగ్గ సమాజాలు ఉండేవా అన్నది రెండోది. రాజులూ వర్తకులే మతం మారి ఉంటే ఇవాళ సెనెగల్, మాలి దేశాల్లో తొంభై శాతానికి పైగా జనం ముస్లింలు ఎలా అయ్యారన్నది మూడోది. చాలా ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి, అందులో ఆఫ్రికా నాకు ఎంతో ఇష్టమైన భాగం. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. మీ రెండు పుస్తకాలూ ఇస్లాంను ఎవరు తెచ్చారన్న దగ్గరే ఆగిపోయాయి. ఎవరు స్వీకరించారు, ఏ అవసరం కొద్దీ స్వీకరించారు, స్వీకరించాక తమ పాత పద్ధతుల్లో దేన్ని వదిలారు, దేన్ని పట్టుకున్నారు అని అడిగితేనే ఈ కథ అర్థమవుతుంది. ఈ కథను నడిపింది ఆఫ్రికా వాళ్లు. పశ్చిమాఫ్రికాలోని సోనింకే రాజులు, మండే వర్తకులు, ఫులానీ పండితులు, ఉత్తర ఆఫ్రికా మూలవాసులైన బెర్బర్ బిడారు నాయకులు, తూర్పున స్వాహిలీ తీరపు తల్లులు. వాళ్లను పక్కన పెట్టి అరబ్బుల గుర్రాల గురించో ఒంటెల గురించో మాత్రమే చెబితే వెయ్యేళ్ల చరిత్రలో పెద్ద భాగం జారిపోతుంది.

రెండో ప్రశ్నతో మొదలుపెడదాం, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది. ఇవాళ్టి మాలి దేశంలో నైజర్ నది లోపలి డెల్టాలో జెన్నే-జెనో అనే పాత దిబ్బ ఉంది. 1977 నుంచి అక్కడ జరిగిన తవ్వకాల్లో క్రీ.పూ. 250 ప్రాంతం నుంచే జనం స్థిరపడి ఉన్నారని తేలింది. వరి పండించారు, ఇనుము కరిగించారు. దగ్గర్లో దొరకని ఇనుప ఖనిజాన్నీ, రాగినీ దూరం నుంచి తెప్పించుకున్నారు. క్రీ.శ. 800 నాటికి అది చుట్టూ రెండు కిలోమీటర్ల గోడ ఉన్న పట్నం. నన్ను ఎక్కువగా ఆకట్టుకునే సంగతి ఏమిటంటే, అక్కడ రాజభవనం అనదగ్గ కట్టడం ఏదీ దొరకలేదు. కమ్మరులు, జాలరులు, రైతులు, కుమ్మరులు ఎవరి పేట వాళ్లదిగా పక్కపక్కనే బతికిన ఊరు అది. అరబ్బీ తెలిసిన మొదటి వర్తకుడు ఎడారి దాటి వచ్చేసరికే అక్కడ సంతలున్నాయి, నది మీద పడవలున్నాయి, ఎక్కడి సరుకు ఎక్కడికి పోవాలో ఎరిగిన మనుషులున్నారు. ముస్లిం వర్తకులు అప్పటికే నడుస్తున్న వ్యాపారంలో వచ్చి చేరారు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే గైడు పుస్తకాల్లో సగం తప్పులు సర్దుకుంటాయి.

ఇక కత్తి సంగతి. నిజానికి ఆఫ్రికా గడ్డ మీద ఇస్లాం మొదట అడుగుపెట్టింది శరణార్థిగా. మక్కాలో వేధింపులు తట్టుకోలేక క్రీ.శ. 615 ప్రాంతంలో కొందరు తొలి ముస్లింలు ఎర్రసముద్రం దాటి అక్సుమ్ రాజ్యానికి, అంటే ఇవాళ్టి ఇథియోపియా వైపు వెళ్లారు. అక్కడి క్రైస్తవ రాజు వాళ్లను మక్కా వాళ్లకు అప్పగించడానికి ఒప్పుకోలేదని ముస్లిం సంప్రదాయం గుర్తుపెట్టుకుంది. ప్రవక్త మదీనాకు వెళ్లడానికి కొన్నేళ్ల ముందు జరిగిన సంగతి ఇది.

దండయాత్రలు తర్వాత వచ్చాయి, అవి గెలిచింది ఉత్తర తీరంలోనే. 639లో అమ్ర్ ఇబ్న్ అల్-ఆస్ సేన ఈజిప్టులోకి దిగింది, 642 నాటికి దేశం చేతికొచ్చింది. కానీ దేశం చేతికి రావడం వేరు, జనం మతం మారడం వేరు. ఈజిప్టు క్రైస్తవులు ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ల పాటు పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. ముస్లిమేతరుల మీద తలపన్ను వచ్చేది కాబట్టి పాలకులకూ తొందర లేదు.

అక్కడి నుంచి దక్షిణానికి, నైలు వెంట నూబియాకు, అంటే ఇవాళ్టి ఉత్తర సూడాన్ వైపు వెళ్లిన అరబ్ సేనకు ఏమైందో మీ పుస్తకంలో ఉండి ఉండదు. నూబియా విలుకాళ్లు కళ్లకు గురిపెట్టి కొట్టేవాళ్లని అరబ్ చరిత్రకారులే రాసుకున్నారు. 652లో డొంగోలా దగ్గర రెండో దాడి కూడా ఫలించక చివరికి ఒప్పందం చేసుకున్నారు. దాని పేరు బక్త్. నూబియా నుంచి ఏటా బానిసలు రావాలి, ఈజిప్టు నుంచి ధాన్యం, బట్టలు వగైరా పోవాలి, ఒకరి మీదికి ఒకరు దండెత్తకూడదు. ఈ ఏర్పాటు ఒడిదొడుకులతో ఆరు వందల ఏళ్లు నడిచింది. 758లో ఈజిప్టు గవర్నరు నూబియా రాజుకు రాసిన ఉత్తరం ఒకటి కస్ర్ ఇబ్రీమ్ అనే నూబియా కోట తవ్వకాల్లో దొరికింది. మీరు ఒప్పందం సరిగ్గా పాటించడం లేదంటూ అందులో ఫిర్యాదు. గెలిచినవాడు ఓడినవాడికి రాసే ఉత్తరంలా ఉండదది, ఇరుగుపొరుగు రాజ్యాల మధ్య లావాదేవీలా ఉంటుంది. నూబియాలో క్రైస్తవ రాజ్యం ఆ తర్వాత కూడా చాలాకాలం నిలిచింది. పాత డొంగోలాలో రాజు కొలువుతీరే భవనం మసీదుగా మారింది 1317లో.

పడమటి వైపు కథ మరింత మలుపులు తిరిగింది. 670లో ఉక్బా ఇబ్న్ నాఫీ ఇవాళ్టి ట్యునీసియాలో కైరవాన్ పట్నం నిలబెట్టాడు. బెర్బర్ తెగలు దశాబ్దాల పాటు ఎదిరించాయి, కుసైలా, కాహినా అనే నాయకుల పేర్లు అక్కడ ఇప్పటికీ జనం నోట ఉన్నాయి. చివరికి బెర్బర్లు ముస్లింలయ్యారు. అయ్యాక, మేమూ ముస్లింలమే కదా, మా మీద పన్నులెందుకు, మా పిల్లల్ని బానిసలుగా పట్టుకెళ్లడమెందుకు అని అదే ఇస్లాం పేరు మీద 740లో అరబ్ పాలకుల మీద తిరగబడ్డారు. మనుషులంతా సమానమని, అర్హత ఉంటే ఎవరైనా నాయకుడు కావచ్చని చెప్పే ఖారిజీ శాఖలను ఆదరించారు. సిజిల్‌మాసా, తాహెర్త్ అనే రెండు పట్నాలు ఈ అసమ్మతివాదుల చేతి మీదుగానే ఎదిగాయి, రెండూ సహారా బిడారు దారులకు తలుపుల్లాంటివి. అంటే ఎడారి దాటించి ఇస్లాంను దక్షిణానికి మోసుకెళ్లిన తొలి మనుషుల్లో చాలామంది ఖలీఫాతో పడని బెర్బర్ వర్తకులు. వాళ్ల వెనక సైన్యం లేదు. అవతలి ఒడ్డున రాజు దయ ఉంటేనే వ్యాపారం.

ఆ అవతలి ఒడ్డున ఉన్నది ఘనా రాజ్యం. ఇవాళ్టి ఘనా దేశంతో కలపకండి. ఇది సోనింకే వాళ్ల వగదు, ఆగ్నేయ మౌరిటానియా, పశ్చిమ మాలి ప్రాంతం. దీని గురించి మనకు దొరికిన అత్యుత్తమ వర్ణన స్పెయిన్‌లో కూర్చుని 1068లో రాసిన అల్-బక్రీది. ఆయన ఆఫ్రికాకు వెళ్లలేదు. వెళ్లి వచ్చిన వర్తకుల్ని అడిగి, పాత రాతలు చూసి రాశాడు. అయినా వివరాలు ఎంత నిండుగా ఉంటాయో చూడండి.

రాజధాని రెండు ఊళ్లు. ఒకటి ముస్లింలది, అందులో పన్నెండు మసీదులు, ఇమాములు, న్యాయశాస్త్రం తెలిసినవాళ్లు. ఆరు మైళ్ల అవతల రాజుగారి ఊరు. దాని చుట్టూ పవిత్రమైన తోపులు, ఆ తోపుల్లో పూజారులు, దేవతామూర్తులు, రాజుల సమాధులు. రాజు ముస్లిం కాదు. కానీ ఆయన దుబాసీలు, కోశాధికారి, మంత్రుల్లో ఎక్కువమంది ముస్లింలు. కొలువులోకి రాగానే రాజు మతం వాళ్లు మోకాళ్ల మీద వంగి తల మీద మట్టి చల్లుకునేవారు. ముస్లింలకు ఆ నియమం లేదు, చప్పట్లు కొట్టి నమస్కరిస్తే చాలు. రాజుగారి ఊళ్లో కూడా కొలువుకు వచ్చే ముస్లింల కోసం ఒక మసీదు ఉండేది. వారసత్వం మేనల్లుడికి. 1063లో గద్దెనెక్కిన తుంకా మనిన్ తన మేనమామ తర్వాత రాజయ్యాడు.

ఇందులో నాకు కనిపించేది రాజు తెలివి. ఆయన ఆదాయం సుంకాల మీద. గాడిద మోత ఉప్పు లోపలికి వస్తే ఒక దీనారు, అదే ఉప్పు దక్షిణానికి దాటిపోతే రెండు దీనార్లు. బంగారు ముద్దలు దొరికితే రాజువి, జనం పొడి బంగారం తీసుకోవచ్చు. లేకపోతే బంగారం అంతటా నిండిపోయి విలువ పడిపోతుందని కారణం కూడా రాశాడు అల్-బక్రీ. ఇన్ని లెక్కలు చూడాలంటే రాయడం వచ్చినవాళ్లు కావాలి. సిజిల్‌మాసాలోని షావుకారు అప్పు మీద సరుకు పంపాలంటే ఇరుపక్షాలకూ చెల్లే చట్టం కావాలి, తగవు వస్తే తీర్చే ఖాజీ కావాలి. ఇవన్నీ ముస్లింల దగ్గర ఉన్నాయి. వాళ్లను పక్క ఊళ్లో గౌరవంగా ఉంచి పని చేయించుకున్నాడు. తోపుల్లోని దేవతలు ఆయన అధికారానికి మూలం, కాబట్టి వాటిని వదలలేదు.

అల్-బక్రీ రాసిన ఇంకో ముచ్చట ఉంది. మలల్ అనే రాజ్యంలో ఏళ్ల తరబడి వానల్లేవు. పశువుల్ని బలిచ్చీ ఇచ్చీ మందలు అయిపోతున్నాయి. రాజు ఇంట్లో ఒక ముస్లిం అతిథి ఉండి ఖురాన్ చదువుకునేవాడు. రాజు తన గోడు అతనితో చెప్పుకున్నాడు. అతను రాజుకు ఇస్లాం మూలసూత్రాలు నేర్పి, శుక్రవారానికి ముందు రాత్రి దాకా ఆగి, ఇద్దరూ ఒక మిట్ట మీద నిలబడి తెల్లవార్లూ ప్రార్థన చేశారు. తెల్లారేసరికి వాన పడింది. రాజు, ఆయన కుటుంబం, కొలువు పెద్దలు ముస్లింలయ్యారు, జనం మాత్రం పాత మతంలోనే ఉండిపోయారు. వాన సంగతి ఎలా ఉన్నా, చివరి వాక్యం చాలా విలువైనది. రాజు పని వాన తెప్పించడం. ఆ పనికి కొత్త మార్గం ఒకటి దొరికింది, తీసుకున్నాడు. పై వర్గం మారింది, ఊళ్లు మారలేదు. పశ్చిమాఫ్రికాలో తర్వాతి ఆరేడు వందల ఏళ్లు చాలాచోట్ల ఇదే పద్ధతి.

ఇక్కడ ఒక పరీక్షా ప్రశ్న గురించి హెచ్చరిక. 1076లో ఎడారి బెర్బర్ల అల్-మొరావిద్ ఉద్యమం ఘనాను జయించి జనాన్ని బలవంతంగా మార్చిందని చాలా పుస్తకాల్లో ఉంటుంది. సమకాలీన ఆధారాల్లో అలాంటి జయం స్పష్టంగా కనిపించదని 1980లలో పరిశోధకులు గట్టిగా వాదించారు. వాళ్ల వాదనే నాకు సమంజసంగా అనిపిస్తుంది. అల్-మొరావిద్‌లు 1050లలో అవ్‌దఘుస్త్ పట్నాన్ని కొల్లగొట్టిన మాట నిజం. సెనెగల్ నది మీది తక్రూర్ రాజు వార్ జాబీ వాళ్లకంటే ముందే ముస్లిం అయి, 1040 ప్రాంతంలో చనిపోయిన మాటా నిజం.

ఘనా వెనకబడ్డాక 13వ శతాబ్దంలో మాలి పైకి వచ్చింది. అందరికీ తెలిసిన పేరు మన్సా మూసా, 1324లో హజ్ యాత్రకు వెళుతూ కైరోలో పంచిన బంగారానికి అక్కడి మార్కెట్లో బంగారం ధర పడిపోయిన కథ. పన్నెండేళ్ల తర్వాత అల్-ఉమరీ అనే అధికారి కైరోలో అడిగినా జనం ఇంకా దాని గురించే చెప్పారు. ఆ బంగారం కంటే నాకు ముఖ్యమనిపించే రెండు విషయాలు అల్-ఉమరీ రాతల్లోనే ఉన్నాయి. ఒకటి: తన రాజ్యంలో అందమైన ఆడపిల్ల కనిపిస్తే పెళ్లి లేకుండానే రాజుకు అప్పగించే ఆచారం ఉందని మూసా మాటల్లో చెప్పాడు. అది ఇస్లాంలో కుదరదని అక్కడివాళ్లు అంటే, రాజులకైనా కుదరదా అని అడిగాడు. రాజులకైనా కుదరదన్నారు. నాకు తెలియదు, ఈ క్షణం నుంచి మానేస్తున్నానన్నాడు. తరాలుగా ముస్లిం వంశంలో పుట్టిన చక్రవర్తికి కూడా మతం అంచెలంచెలుగానే తెలిసింది.

రెండోది ఇంకా ముఖ్యం. బంగారం తవ్వే జనం ముస్లింలు కారు. వాళ్ల ఊరొకటి జయించి అక్కడ ఇస్లాం వ్యాపించి అజాన్ మొదలైతే చాలు, అక్కడ బంగారం తగ్గిపోయి పక్క ఊళ్లో పెరుగుతోందని మాలి రాజులు గమనించారట. అందుకని ఆ ప్రాంతాన్ని పాత మతస్థుల చేతుల్లోనే వదిలేసి కప్పంతో సరిపెట్టుకున్నారు. గనుల మీది దేవతలతో లావాదేవీ ఎరిగిన మనుషులను కదిపితే పని ఆగిపోతుందని దీని భావం. ప్రపంచంలోనే గొప్ప ముస్లిం చక్రవర్తుల్లో ఒకడు తన ఖజానాకు మూలమైన జనాన్ని మతం మార్చకుండా ఉండటాన్ని పాలనా విధానంగా పెట్టుకున్నాడు. కత్తి, వర్తకం అనే రెండు గళ్లలో దీన్ని ఎక్కడ పెడతారు?

1352లో మూసా తమ్ముడు సులేమాన్ పాలిస్తుండగా మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా మాలికి వెళ్లాడు. అప్పటికే మనదేశంలో కొన్నేళ్లు ఉండి వెళ్లినవాడు. సహారా నడుమ ఉప్పు గనుల ఊరు తఘాజాలో ఉప్పు దిమ్మలతో కట్టి ఒంటె తోళ్లు కప్పిన ఇళ్లలో పడుకున్నాడు. ఎడారి దక్షిణపు అంచు పట్నం వలాతా చేరాక అక్కడి ముస్లింలలో ఆస్తి కొడుక్కి కాక మేనల్లుడికి పోవడం చూసి ఆశ్చర్యపోయి, ఇలాంటిది మలబారులోని హిందువుల దగ్గర తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా చూడలేదని రాశాడు. మలబారు వాళ్లు ముస్లింలు కారు, వీళ్లు మాత్రం ఐదుపూటలా నమాజు చేస్తారు, ధర్మశాస్త్రం చదువుతారు, ఖురాన్ కంఠతా పడతారు, అయినా ఇలా ఉన్నారన్నది ఆయన బాధ. భార్యలకు పరాయి మగవాళ్లతో స్నేహం ఉండటం, దాన్ని ఖాజీ అంతటివాడే తప్పుగా చూడకపోవడం ఆయనకు మింగుడుపడలేదు. రాజు ముందు మట్టి చల్లుకునే అలవాటు ఇంకా పోలేదు. పండగ రోజున మన భట్రాజుల్లాంటి వంశగాయకులు ఈకలు తొడుక్కుని పక్షి ముఖాలతో వచ్చి పాత రాజుల ఘనత పాడారు.

మళ్లీ ఆయనే, ఈ దేశంలో ఉన్నంత న్యాయం, దారిలో ఉన్నంత భద్రత అరుదని మెచ్చుకున్నాడు. శుక్రవారం పెందలాడే వెళ్లకపోతే మసీదులో చోటు దొరకదని, ఒకే ఒక చొక్కా ఉన్నవాడు కూడా దాన్ని ఉతుక్కుని తెల్లగా వేసుకొస్తాడని, ఖురాన్ కంఠస్థం చేయని పిల్లల కాళ్లకు సంకెళ్లు వేస్తారని రాశాడు. ఇబ్న్ బతూతాకు ఇది సగం సగం ఇస్లాంగా కనిపించింది. నేను అలా చూడను. నమాజూ హజ్జూ మనస్ఫూర్తిగా పాటించినవాళ్లే, మేనల్లుడి హక్కునూ రాజుగాథనూ కూడా మనస్ఫూర్తిగా కాపాడుకున్నారు. రెండూ వాళ్లవే.

ఈ సహజీవనం ఊరికే అలవాటుగా సాగలేదు, దానికి ఆలోచించి కట్టిన సిద్ధాంతం ఉంది. మీ పుస్తకాలలో ఎక్కడా ఉండని పేరు చెబుతాను, గుర్తుంచుకోండి: అల్-హాజ్ సలీం సువారీ. మండే వర్తక పండిత కుటుంబాల సంప్రదాయంలో ఆయన మూలపురుషుడు, 15వ శతాబ్దం చివరి వాడని చాలామంది అంటారు. వాళ్ల బోధ ఇలా సాగుతుంది. ముస్లిం కాకపోవడం దుర్మార్గం కాదు, అది తెలియకపోవడం. ఎవరు ఎప్పుడు తెలుసుకోవాలో దేవుడు నిర్ణయిస్తాడు, ఆయన కంటే ముందు మనం తొందరపడటం ఆయన సంకల్పంలో జోక్యం చేసుకోవడమే. జిహాద్ ఆత్మరక్షణకు మాత్రమే. ముస్లిమేతర రాజు కింద బతకవచ్చు, ఆయనకు సహకరించవచ్చు, మన ఆచారం మనల్ని పాటించనిస్తే చాలు. మన పని చదువు నిలబెట్టుకోవడం, మంచి నడవడితో ఉండటం. ఎదుటివాడు చూసి కోరుకున్న రోజున అతనే వస్తాడు.

అల్పసంఖ్యలో ఉండి దూరదేశపు సంతల్లో బతికే వర్తకులకు ఇంతకంటే చక్కగా సరిపోయే ధర్మశాస్త్రం ఉండదు. అది అవకాశవాదం కాదు. తరాల తరబడి గురుశిష్య పరంపరగా, ఏ గురువు దగ్గర ఏ గ్రంథం చదివాడో పత్రాలు రాసుకుంటూ నడిపారు. 19వ శతాబ్దం మొదట్లో ఇవాళ్టి ఘనా దేశంలోని అసాంతె రాజధాని కుమాసిలో ఇలాంటి ముస్లింలు రాజుకు లెక్కలు రాసేవారు, తాయెత్తులు కట్టేవారు, ఆయన విజయం కోసం ప్రార్థించేవారు. రాజు ముస్లిం కాలేదు, అవ్వమని వాళ్లు ఒత్తిడి పెట్టలేదు.

మాలి తర్వాత పైకి వచ్చిన సోంఘై రాజ్యం గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను, అది అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. 1493లో గద్దెనెక్కిన అస్కియా ముహమ్మద్ హజ్ చేసి వచ్చి టింబక్టూ పండితులను ఆదరించాడు, 1591లో మొరాకో సేన తుపాకులతో వచ్చి ఆ రాజ్యాన్ని కూల్చింది. అప్పుడు సంకెళ్లతో మర్రకేష్‌కు తీసుకెళ్లిన పండితుడు అహ్మద్ బాబా. మా బంధువులందరిలోకీ నా గ్రంథాలయమే చిన్నది, అందులోనే 1,600 పుస్తకాలు పోయాయని ఆయన వాపోయాడు. ఆయనే 1615లో, నల్లవాళ్లను కేవలం నల్లవాళ్లని బానిసలుగా పట్టుకోవచ్చా అన్న ప్రశ్నకు సమాధానంగా, రంగుకూ బానిసత్వానికీ ఏ సంబంధమూ లేదని తీర్పు రాశాడు. ఏ ఆఫ్రికన్ జాతులు తమంతట తామే ఎప్పటి నుంచో ముస్లింలో పేర్లు పెట్టి చెప్పాడు. ముస్లిమేతరులను యుద్ధంలో పట్టి బానిసలు చేయడాన్ని ఆయన కాదనలేదు, అది కూడా చెప్పాలి.

బానిస వ్యాపారం గురించి మాట్లాడకుండా "శాంతియుత వర్తకం" అంటే అబద్ధం అవుతుంది. బంగారం, ఉప్పుతో పాటు సహారా దాటిన సరుకుల్లో మనుషులున్నారు. స్వేచ్ఛగా పుట్టిన ముస్లింను బానిస చేయకూడదని చట్టం. కాబట్టి ఇస్లాం స్వీకరించడానికి అది కూడా ఒక బలమైన కారణం. ఆ రక్షణ కూడా ఎప్పుడూ దక్కేది కాదు. 1391-92లో చాద్ సరస్సు ప్రాంతపు బోర్ను రాజు కైరో సుల్తాన్ బర్కూక్‌కు రాసిన లేఖ చదివితే గుండె బరువెక్కుతుంది. అరబ్ తెగలు మా మీద పడి, స్వేచ్ఛగా పుట్టిన ముస్లింలను, మా ఆడవాళ్లను, పిల్లలను, మా బంధువులను పట్టుకెళ్లి ఈజిప్టులో, సిరియాలో అమ్ముతున్నారు, మీ సంతల్లో వెతికించి విడిపించండి అని వేడుకోలు. ఇథియోపియాలో పుట్టి చిన్నతనంలోనే అమ్ముడుపోయి చేతులు మారుతూ దక్కన్‌కు చేరి, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని జహంగీర్ సేనలకు ఎదురుగా నిలబెట్టిన మలిక్ అంబర్‌ది ఇదే దారి. తర్వాతి కాలంలో నిజాం కొలువులో ఆఫ్రికన్ అశ్వికదళం ఉండేది. ఆ దళం పేరే (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ పేటకు నిలిచింది, వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు.

తూర్పు తీరంలో దృశ్యం వేరు, ఎడారికి బదులు సముద్రం. కెన్యా తీరాన లాము దీవుల దగ్గర షాంగా అనే చోట తవ్వితే, 8వ శతాబ్దం చివరి నాటికే ఊరి నడుమ కొద్దిమంది మాత్రమే పట్టే కర్ర మసీదు కనిపించింది. అదే స్థలంలో దాన్ని మళ్లీ మళ్లీ కొంచెం పెద్దదిగా కట్టుకుంటూ పోయారు, చివరికి రాతి మసీదు లేచింది. ఊరు ఆఫ్రికా ఊరే, కుండలూ ఇళ్లూ స్థానికమే. జాంజిబార్ దీవిలో కిజింకాజీ మసీదు శాసనం 1107 నాటిది. ఇవాళ్టి మొజాంబిక్ తీరంలోని సొఫాలా నుంచి వచ్చే బంగారంతో కిల్వా దీవి ఎంత వెలిగిందో 1331లో అక్కడ దిగిన ఇబ్న్ బతూతా చూశాడు.

ఈ స్వాహిలీ పట్నాలను పర్షియా నుంచి వచ్చిన రాజకుమారులు కట్టారని పాత కథ. అదంతా కల్పన అని తర్వాతి తరం కొట్టిపారేసింది. 2023లో వెలువడిన పురాతన డీఎన్‌ఏ పరిశోధన రెంటికీ మధ్య నిజాన్ని చూపింది. క్రీ.శ. 1000 ప్రాంతం నుంచి పర్షియా వైపు మగవాళ్లు వచ్చి స్థానిక ఆఫ్రికన్ స్త్రీలను పెళ్లాడారు, కొంత భారతీయ రక్తమూ కలిసింది. పిల్లలు మాట్లాడింది తల్లుల భాష, బంతూ కుటుంబానికి చెందిన స్వాహిలీ. ఇళ్లూ ఆస్తులూ చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదుగా నడిచిన సమాజంలో, బయటి నుంచి వచ్చిన అల్లుడు ఆ ఇంటి మనిషి అయ్యాడు. మతం అతనిది, ఇల్లు ఆమెది.

ఇక మూడో ప్రశ్న, ఊళ్లు ఎప్పుడు మారాయి? మీరు అనుకునేదాని కంటే చాలా ఆలస్యంగా. సువారీ బోధకు ఎదురుగా, ఈ కలగాపులగం చాలు, రాజులు పేరుకే ముస్లింలు, అన్యాయపు పన్నులు వేస్తున్నారు, ముస్లింలనే బానిసలుగా అమ్ముతున్నారు అని లేచినవాళ్లు 18, 19 శతాబ్దాల సంస్కర్తలు. 1804లో ఉత్తర నైజీరియాలో ఫులానీ పండితుడు ఉస్మాన్ దాన్ ఫోదియో అక్కడి హౌసా రాజుల మీద జిహాద్ ప్రకటించి సొకోటో ఖలీఫాత్ స్థాపించాడు. కాబట్టి కత్తి లేదనకండి. అయితే పట్టినవాళ్లు అరబ్బులు కారు, ఆ గడ్డ మీద పుట్టిన పండితులు. కత్తితో గెలిచిన చోట కూడా మతం ఇళ్లలోకి వెళ్లింది వేరే దారిలో. ఉస్మాన్ కూతురు నానా అస్మావు హౌసా, ఫుల్ఫుల్దే (ఫులానీల భాష), అరబ్బీ భాషల్లో పద్యాలు రాసి, పల్లెటూరి స్త్రీలకు వాటిని నేర్పడానికి ఆడ ఉపాధ్యాయుల బృందాలను తయారుచేసింది. చదవడం రాని తల్లులు ఆ పద్యాలు నోటికి పట్టుకుని ఊళ్లకు తిరిగి వెళ్లి పాడి నేర్పారు.

సెనెగల్‌లో అయితే జనసామాన్యం పెద్ద ఎత్తున ముస్లింలైంది ఫ్రెంచివాళ్ల పాలనలో. వొలోఫ్ రాజ్యాలు కూలి, పాత దొరతనం చెదిరి, బానిసత్వం నుంచి బయటపడినవాళ్లు, కింది వర్గాలవాళ్లు దిక్కు కోసం చూస్తున్న కాలమది. అమదూ బంబా అనే సూఫీ గురువు వాళ్లను చేరదీశాడు. కత్తి పట్టనన్నాడు, చదువునూ కష్టించి పనిచేయడాన్నీ ఆరాధనతో సమానంగా బోధించాడు. జనం ఆయన వెనక పోగవడం చూసి ఫ్రెంచి ప్రభుత్వం 1895లో ఆయన్ను గాబన్‌కు ప్రవాసం పంపింది. 1902లో తిరిగొచ్చేసరికి అనుచరులు ఇంకా పెరిగారు. మళ్లీ మౌరిటానియాకు పంపినా ఆగలేదు. శిష్యులు గురువుల పేరున ఊళ్లు కట్టుకుని, బీళ్లు కొట్టి వేరుశనగ పండించారు. 1927లో ఆయన పోయేనాటికి పెద్ద సంఖ్యలో రైతులు ఆయన మురీద్ మార్గంలో ఉన్నారు. ఆయన సమాధి ఉన్న తూబా పట్నానికి ఏటా లక్షలాది జనం వస్తారు. గద్దె మీది రాజులు ఎనిమిది వందల ఏళ్లలో తేలేకపోయిన జనాన్ని, పరాయి ప్రభుత్వం దేశం నుంచి తరిమేసిన ఒక గురువు ఒక్క తరంలో కూడగట్టాడు.